దువ్వెనమ్మకు దొరకని బంగారం

దువ్వెనమ్మ ఉద్యోగం ఇతరుల తలల్లో చేతులు పెట్టడం. బంగారు గని మిల్లులో ఆడవాళ్ల షిఫ్టు ముగిసే వేళకు గేటు పక్కనున్న తనిఖీ గదిలో స్టూలు వేసుకుని కూర్చునేది. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, జుట్టు విప్పించి, సన్నపళ్ల దువ్వెనతో కుదుళ్ల దాకా దువ్వి, గోళ్లు చూసి, నాలుక ఎత్తించి, ఇక వెళ్లమనేది. పెళ్లయిన కొత్తలో చేరి, మిల్లు మూతపడేదాకా అదే స్టూలు మీద కూర్చుంది. అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ ఆమె దువ్వెనమ్మే. అంత సర్వీసులోనూ ఒక్క తలలో కూడా ఆమెకు బంగారం దొరకలేదు. పేలు దొరికాయి. తుప్పు పట్టిన పిన్నులు దొరికాయి. ఒకామె కొప్పులోంచి సగం కాల్చిన సిగరెట్టు రాలిపడితే, అది మా ఆయనదని ఆమె ఒట్టేసి చెప్పింది. బంగారం మాత్రం లేదు.

లోపల ఆడవాళ్లు చేసేది బెల్టు పని. క్రషరులో నలిగిన రాయి రబ్బరు బెల్టు మీద సాగిపోతుంటే, అటూ ఇటూ నిలబడి పనికిరాని రాయిని ఏరి పారేయాలి. ఆ గని రాయిలో బంగారం కంటికి కనబడడం చాలా అరుదు. కంపెనీ దగ్గర మాత్రం రాయిలో బంగారం కన్నా అనుమానం ఎక్కువ శాతం ఉండేది. అందుకే తనిఖీ. దానికి నియమాలు. దువ్వెనను ప్రతి తల తర్వాతా పళ్లెంలోని నీళ్లలో జాడించాలి. ఆ నీళ్లు కాలవలో పోయకూడదు, గది వెనకాల ఉన్న సిమెంటు తొట్టిలోనే పోయాలి. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పేల కోసమై ఉంటుందనుకుంది. వీటికి తోడు దువ్వెనమ్మ సొంతంగా ఒక నియమం పెట్టింది: తలకు నూనె రాసుకోకుండా నా ముందుకు రావొద్దు. రాతిదుమ్ము పట్టిన ఎండుజుట్టులో దువ్వెన పళ్లు విరిగిపోయేవి, లైను ఆలస్యమయ్యేది. నూనె లేని తల వస్తే లైను చివరికి నెట్టేది. ఆ నియమం వచ్చాక పని చకచకా సాగుతోందని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు కూడా.

ఇందులో గర్వపడాల్సిందో సిగ్గుపడాల్సిందో ఏదైనా ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. తోచేలా చేసింది పాత కార్మికుల సంఘం కార్యదర్శి ఫోను. పాత మిల్లును ప్రదర్శనశాలగా మార్చారట. ప్రారంభం రోజున కొందరు పాతవాళ్లను వేదిక ఎక్కించి తలా ఒక ఇత్తడి పలక ఇస్తారట. ఆమె పలక మీద వేయించబోయే వాక్యాన్ని గొంతు సవరించుకుని చదివాడు: "ఈమె కాపలాలో ఒక్క రేణువు కూడా గేటు దాటలేదు." చదివి, అవతల ఏడుపు వినిపిస్తుందేమోనని ఆగాడు. ఏడుపు రాలేదు. చూసి చెబుతానంది.

ఒక్క దొంగనూ పట్టుకోని కాపలా మనిషి గురించి రెండే అనుకోవచ్చు. దొంగలు లేకపోయి ఉండాలి, లేదా కాపలా మనిషికి కళ్లు లేకపోయి ఉండాలి. సన్మానాలు చేసేవాళ్లు మొదటిదాని దగ్గర ఆగిపోతారు. పలక నిండితే వాళ్లకు చాలు. చేయించుకునే మనిషి రెండోదాన్ని కూడా మోయాలి. దువ్వెనమ్మకు పట్టుకున్న భయం ఇంతే: సభలో కూర్చునేది ఆమె తల దువ్విన ఆడవాళ్లే. ఆ వాక్యం చదవగానే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వితే? ఆ ఒక్క నవ్వుతో ఆమె ఉద్యోగమంతా పిల్లల ఆట అయిపోతుంది. వాక్యం నిజమని తేలితే వేదిక ఎక్కుతుంది. తేలకపోతే ఎక్కదు.

ఆమె ఇప్పుడు ఉండేది వేరే ఊళ్లో, ఆడపడుచు దగ్గర. భర్త పోయాక అతని చెల్లెలే వచ్చి, సామాన్లు తనే కట్టి, బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయింది. ఆడపడుచు డ్రైవింగు స్కూల్లో నేర్పుతుంది. స్కూలు పైన రెండు గదుల్లో వీళ్ల కాపురం. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు, పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కే ఉద్యోగం పగలు చేస్తున్నది చాలు, ఇంటికొచ్చాక కూడా ఎందుకని జవాబు చెబుతుంది. ఆమెకో పాత మోటార్‌సైకిలు ఉంది. కిక్కు కొట్టే ముందు దాన్ని కాసేపు బతిమాలాలి.

వెళ్లి వాళ్లనే అడిగేస్తే పోలా అంది ఆడపడుచు. దొంగతనం చేశారా అని అడిగితే ఎవరు ఒప్పుకుంటారని దువ్వెనమ్మ. మూతపడ్డ గనిలో చేసిన దొంగతనానికి భయమేమిటి, ఈ వయసులో చేయనివి కూడా చేశామంటారని ఆడపడుచు.

"అంతమందిలో నవ్వితే నా మొహం ఎక్కడ పెట్టుకోనే?"

"హెల్మెట్లో పెట్టుకో వదినా. అందుకేగా కొనిచ్చాను."

సభ ఆదివారం. శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. మైదానం ఉన్నంతసేపు ప్రయాణం బాగానే సాగింది. గనుల ప్రాంతం మొదలయ్యాక దారి ఎవరి మాటా వినలేదు. అక్కడ కొండల్లా కనిపించేవి కొండలు కావు. రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన తెల్లటి పిండిని కంపెనీ తరాల తరబడి పోసిన దిబ్బలు. గాలి వీస్తే వాటి అంచులు చెరిగిపోతాయి. ఒక దిబ్బ చుట్టూ తిరిగితే ఇంకో దిబ్బ వస్తుంది, దాన్ని కూడా చుట్టి వస్తే ఇది మొదటిదేనేమో అనిపిస్తుంది. వెనకటికి గనిలోకి దిగే షాఫ్టుల మీద పెద్ద పెద్ద చక్రాలున్న ఇనుప చట్రాలు నిలబడి ఉండేవి. వాటిని చూసి జనం దారి పోల్చుకునేవాళ్లు. మూతపడ్డాక ఎవరెవరో వాటిని కోసుకుపోయారు. బదులుగా పర్యాటక శాఖవారు 'స్వర్ణ వారసత్వ మార్గం' అని బోర్డులు పాతారు. ఒక బోర్డు మీద బాణం గుర్తు రెండు వైపులకూ ఉంది. ఆడపడుచు బండి ఆపి దాన్ని కాసేపు చూసి, నా స్కూల్లో ఎవడైనా ఇలా చెయ్యి చూపిస్తే ఆ పూటకు దించేసేదాన్నంది. కింద అంతా డొల్ల కాబట్టి రోడ్డు కూడా అక్కడక్కడా కూలబడింది. కూలబడిన చోటల్లా బండి ఒకసారి, దువ్వెనమ్మ ఒకసారి మూలిగేవారు.

సగం జీవితం ఇక్కడే బతికినదాన్ని, దారి నేను చెబుతానంది దువ్వెనమ్మ. వెనక కూర్చుని ఆడపడుచు కుడి భుజం తడితే కుడి, ఎడమ భుజం తడితే ఎడమ. అలా తట్టి తట్టి కంపెనీ క్వార్టర్లకు తీసుకొచ్చింది. ఒకే గోడ పంచుకున్న ఇళ్ల బారు, ఇంటికి రెండు గదులు, వంటింటి మీద రేకు పొగగొట్టం, వీధి మొదట్లో కుళాయి. మూడో వీధిలో తన పాత ఇంటి ముందు బండి ఆపించింది. తలుపు కొట్టి, తీసినామెను ఈ కిటికీ అటు గోడకు ఉండాలి కదా, ఎవరు మార్చారని నిలదీసింది. నా పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉందని ఆమె. కిటికీలు నడుచుకుంటూ పోతాయా అని ఈమె. లోపల్నుంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి కిటికీ తరఫున సాక్ష్యం చెప్పింది. చాలాసేపటికి తేలిందేమంటే, అది వేరే కాలనీ. కంపెనీ ఒకే నక్షాతో నాలుగు కాలనీలు కట్టింది. ఒక కాలనీ కట్టేటప్పుడు మేస్త్రి ఎవరో నక్షాను తిరగేసి పట్టుకున్నాడు. వీళ్లు వచ్చింది అందులోకి.

"నీ ఇల్లే నీకు దొరకలేదు, ఇంక బంగారమేం దొరుకుతుంది వదినా," అంది ఆడపడుచు బండి తిప్పుతూ.

ఆ తర్వాత కొంత దూరం దువ్వెనమ్మ భుజాలు తట్టలేదు.

బెల్టు మీద పనిచేసినవాళ్లలో ఇప్పుడు ఫలానా చోట ఉంటుందని గట్టిగా తెలిసినది పంక్చరక్క ఒక్కతే. మిల్లు పోయాక నాలుగు రోడ్ల కూడలిలో పంక్చరు కొట్టు పెట్టుకుంది. వీళ్లు వెళ్లేసరికి లారీ ట్యూబునొకదాన్ని నీళ్ల తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తోంది. దువ్వెనమ్మను చూసి లేవలేదు గానీ, ట్యూబు వదలకుండానే కాలితో బెంచీని ముందుకు నెట్టింది. మోకాళ్ల గురించి, పోయినవాళ్ల గురించి, ఉన్నా లేనట్టున్నవాళ్ల గురించి మాట్లాడుకున్నారు. దువ్వెనమ్మ ఇక ఉండబట్టలేక పలక సంగతి చెప్పింది. వాక్యం కూడా చెప్పింది. పంక్చరక్క ట్యూబును ఇంకొంచెం తిప్పి, బుడగ దొరికిన చోట సుద్దముక్కతో గీత గీసింది.

"తీశామమ్మా. ఎందుకు తీయం?"

"ఎలా తీశారు? ప్రతి తలా నేనే కదా దువ్వాను."

"దువ్వావు. కానీ నూనె రాసుకు రమ్మన్నది కూడా నువ్వే కదా."

ఆ తర్వాత ఆమె చెప్పినదాని సారాంశం ఇది. క్రషరు దగ్గర లేచే దుమ్ములో బంగారం ఉంటుందని బెల్టు ఆడవాళ్లకు మొదట్నుంచీ అనుమానం. ఎండుజుట్టు మీద పడ్డ దుమ్ము షిఫ్టు అయ్యేలోపు సగం రాలిపోతుంది, మిగతాది దువ్వెనతో పోతుంది. నూనె పెట్టడం మొదలయ్యాక దుమ్ము కుదుళ్లలో అతుక్కుని కదలడం మానేసింది. దువ్వెన పైపైన జారిపోయేది. ఇంటికి వెళ్లి వెడల్పాటి పళ్లెంలో తల కడిగి, ఆ నీళ్లను తేరనిచ్చి, అడుగున మిగిలినదాన్ని డబ్బాలో దాచుకునేవాళ్లు. కొందరు నూనె దండిగా పట్టించి జుట్టు పెంచుకున్నారు కూడా. చెవులకు పెట్టుకున్న చిన్న దుద్దులను పంక్చరక్క గ్రీజు వేలితో తట్టి చూపించింది. ఇవి నా తలవే అంది.

దువ్వెనమ్మ ఆ దుద్దుల వైపు చాలాసేపు చూసింది. నేను రమ్మన్నది దువ్వెన విరక్కుండా ఉంటుందని, అంది చివరికి.

"అలాగా? నీకు తెలిసే చెప్పావనుకున్నాం అందరం. మా మీద జాలితో."

"జాలా? నాకా?"

"మా వదినకు ఆ పార్టు పెట్టకుండానే పంపించార్లే అక్కా," అంది ఆడపడుచు.

పంక్చరక్క నవ్వింది. దువ్వెనమ్మకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీదో తేలలేదు. మోసపోయావంటే సహించేదేమో. దయగలదానివి, చూసీ చూడనట్టు వదిలేశావంటే ఆమెకు వొళ్లు మండింది. దయ అనే మాట పనిమంతుల మీద వేసే బురద అని ఆమె అభిప్రాయం. నేను ఎవరినీ వదల్లేదని రెండుసార్లు చెప్పింది. పంక్చరక్క సరేలేమ్మా అంది, మర్యాదకు. టీ తాగకుండా పోకూడదంది. తాగారు. బండి చక్రాల్లో గాలి చూసి పంపించింది.

ఆ సాయంత్రం దిగింది కంపెనీ పాత అతిథి గృహంలో. ఇప్పుడది అద్దె గదుల లాడ్జీ. హాల్లో పెద్ద ఫోటో ఉంది: కుర్చీల్లో కూర్చున్న దొరలు, ఒక్కొక్కరి కింద పేరు, హోదా, కుక్కకు కూడా పేరు. వెనక నిలబడ్డ వందమంది కింద 'కార్మికులు' అని ఒకటే మాట. దాని పక్కన కొత్తగా పెట్టిన బోర్డు వాళ్లను భూగర్భ వీరులన్నది. పేర్లు రాయడం కన్నా వీరులనడం తేలిక.

దువ్వెనమ్మ మంచం మీద కూర్చుని లెక్క తేల్చడానికి చూసింది. బంగారం గేటు దాటింది. కాబట్టి వాక్యం అబద్ధం. కాబట్టి వేదిక ఎక్కకూడదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ పంక్చరక్క చెప్పింది నిజమేనా? ముసలివాళ్లు చేయనివి కూడా చేశామంటారన్నది నువ్వే కదా అని ఆడపడుచును అడిగింది. ఆడపడుచు హెల్మెటు అద్దం తుడుస్తూ, నేనెప్పుడన్నానంది.

శనివారం త్రాసు మాస్టారి దగ్గరకు పోదామని దువ్వెనమ్మే అంది. మిల్లు ల్యాబులో రాళ్లలో బంగారం ఎంతుందో తూచి చెప్పే ఉద్యోగం ఆయనది. దుమ్ములో ఉందో లేదో ఆయనకన్నా తెలిసినవాళ్లు లేరు. తెల్ల దిబ్బల మధ్య రెండుసార్లు దారి తప్పి, అప్పటికే చూసేసిన రెండు బాణాల బోర్డును ఇంకోసారి దర్శించి, మధ్యాహ్నానికి ఆయన ఇల్లు చేరారు. మాస్టారు వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. మనుషులు వచ్చారని చాలా సంతోషించారు. అడిగింది పూర్తికాకముందే మొదలుపెట్టారు.

"మీ తొట్టి అడుగు బురద నా దగ్గరకే వచ్చేదమ్మా, నెలనెలా. కాల్చి, కరిగించి తూచేవాడిని. ఎప్పుడు తూచినా ముల్లు కదిలేది."

"బంగారమా?"

"మరి తొట్టి ఎందుకు కట్టించారనుకున్నారు?"

పేల కోసమనుకున్నానని దువ్వెనమ్మ చెప్పలేదు. మాస్టారు హుషారుగా వివరించారు. ఆ తనిఖీ దొంగల కోసం కాదట. పేరుకే దొంగల కోసం. బెల్టు ఆడవాళ్ల తలలు కంపెనీకి ఖర్చు లేకుండా దొరికిన జల్లెళ్లు. దుమ్ము పోగవుతుంది, దువ్వెన దాన్ని దించుతుంది, తొట్టి దాన్ని దాస్తుంది. దువ్వెనమ్మ కాపలా మనిషి కాదు, మిల్లులో ఒక యంత్రం. ఈ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. మరి నాకెందుకు చెప్పలేదని ఆమె అడిగితే, చెబితే బెల్టు ఆడవాళ్లకు తెలిసిపోతుంది, తెలిస్తే ఇంటి దగ్గర తల కడుక్కుంటారు కదా అన్నారు.

"కడుక్కున్నారు," అంది ఆడపడుచు.

మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు. నూనె సంగతి విని చాలాసేపు నవ్వారు. తర్వాత తల అడ్డంగా ఊపారు. అంత మెత్తటి బంగారం నూనెను పట్టుకుని పైకి తేలుతుంది, పళ్లెం వంచగానే ఆ నీళ్లతోనే పోతుంది, అడుగున మిగిలేది ఉత్త రాతిపొడి అన్నారు. తీసుకెళ్లిన మాట నిజం, వాళ్లకు దొరికిన మాట అబద్ధం. మరి దుద్దులో అంటే, కొనుక్కుని ఉంటుంది పాపం, కొనుక్కున్నానంటే గొప్పేముంది అన్నారు.

దువ్వెనమ్మ వేళ్లు ముడిచి విప్పి చూసుకుంది. దాటింది. దాటినా వాళ్లకు చేరలేదు. తన చేతికి దొరకలేదనుకున్నది నెలనెలా దొరికింది. దొరికిందని తనకు తెలియలేదు. ఇప్పుడు ఆ పలక మీది వాక్యం అబద్ధమా, సగం అబద్ధమా, లేక వేరే ఎవరి గురించో రాసిన నిజమా? మాస్టారిని సూటిగా అడిగింది: నేను వేదిక ఎక్కవచ్చా? ఆయన దానికి జవాబు చెప్పకుండా, ఇంకో సంగతి ఉందమ్మా, ఇప్పుడు చెబితే తప్పులేదు అన్నారు.

మీరు నూనె నియమం పెట్టిన నెల నుంచి తొట్టిలో బరువు పడిపోయింది. అప్పట్లో కారణం నాకు అంతుబట్టలేదు. అందుకని మిమ్మల్నే అనుమానించాను. పైకి రాశాను. కంపెనీవాళ్లు ఒక మనిషిని పెట్టి చాలా రోజులు మీ ఇంటిని కాపలా కాయించారు. ఏమీ తేలక వదిలేశారు.

"ఏ మనిషి?" అంది ఆడపడుచు.

"ఎవరో సెక్యూరిటీ కుర్రాడు. సైకిలు మీద వచ్చేవాడు. మీ సందు చివర నిలబడేవాడు."

ఆ సైకిలు కుర్రాడు దువ్వెనమ్మకు బాగా గుర్తున్నాడు. ఆ రోజుల్లో ఆడపడుచు వయసులో ఉంది, కొన్నాళ్లు అన్నా వదినల దగ్గర గడిపింది. సందు చివర స్తంభానికి సైకిలు ఆనించి పొద్దస్తమానం ఇంటి వైపే చూస్తున్న కుర్రాణ్ణి చూసి ఇంట్లో రభస అయింది. అన్న కిటికీ మూయించాడు. వదిన నాలుగు చీవాట్లు పెట్టింది. ఆడపడుచు మూసిన కిటికీ సందులోంచి చూసేది. తర్వాత ఒకరోజు అతను రావడం మానేశాడు. ఆమె దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు గానీ, ఎవరైనా పెళ్లి మాటెత్తి మరీ విసిగిస్తే, నాకోసం నిలబడ్డవాడు లేకపోలేదులే అనేది.

"అంటే వాడు నాకోసం కాదా?" అంది ఇప్పుడు.

మాస్టారికి అర్థం కాలేదు. దువ్వెనమ్మకు అర్థమైంది. ఇద్దరూ లేచారు. బండి దగ్గర ఆడపడుచు ఎంతకీ కిక్కు కొట్టలేదు, బతిమాలలేదు కూడా. హ్యాండిలు పట్టుకుని నిలబడింది.

"నిన్ను కూడా చూసే ఉంటాడే," అంది దువ్వెనమ్మ. "అంతసేపు ఊరికే నిలబడతాడా ఎవడైనా?"

"జీతానికి నిలబడ్డాడు వదినా."

దారి పొడుగునా ఆమె ఒక్క జోకూ వేయలేదు. దువ్వెనమ్మకు ఆ మౌనం పంక్చరక్క నవ్వు కన్నా బరువనిపించింది. తన మీద అనుమానం పెట్టి మనిషిని కాపలా ఉంచారన్న సంగతికి ఆమె కోపం తెచ్చుకోవాలి నిజానికి. దానికి ఆ రోజు ఖాళీ దొరకలేదు.

ఆదివారం మిల్లు గేటు ముందు పందిరి, లోపల రంగులు. క్రషరుకు వెండి రంగు వేశారు. బెల్టు మీద బంగారు రంగు పూసిన రాళ్లు పేర్చారు. అలాంటి రాయి నిజంగా ఒక్కటి ఆ బెల్టు మీదకు వచ్చి ఉంటే పని మానేసి అందరూ దాని వెంట పరిగెత్తేవాళ్లు. తనిఖీ గదికి అద్దం బిగించారు. లోపల స్టూలు మీద ఎర్రటి పెదాల ప్లాస్టరు బొమ్మ, చేతిలో దువ్వెన, ఎదురుగా గోడకు నిలువుటద్దం. డిజైనరు దాన్ని ఆడవాళ్ల అలంకరణ గది అనుకున్నాడు. దువ్వెనమ్మ అద్దానికి మొహం ఆనించి ఆ బొమ్మను చూసింది. పళ్లెం లేదు, తొట్టి లేదు. వెనకాల తొట్టి ఉన్నచోట మంచినీళ్ల యంత్రం పెట్టారు.

కార్యదర్శి పరుగున వచ్చాడు. రారేమో అనుకున్నానమ్మా, ఫోను కూడా చేయలేదు అన్నాడు. పలక మీది వాక్యం మార్చాలంది దువ్వెనమ్మ. చెక్కడం అయిపోయిందన్నాడు. అయితే నేను ఎక్కనంది. పోనీ ఏమని మార్చమంటారో చెప్పండి అన్నాడు, ఏడుపు మొహంతో. కొన్ని రేణువులు దాటాయి అని మొదలుపెట్టి ఆగింది. దాటినవి ఎవరికీ దొరకలేదు అని చూసింది. అదీ కుదరలేదు. దాటాయో లేదో తెలియదని వేయండి, అంది చివరికి.

"ఇత్తడి మీద తెలియదు అని చెక్కరమ్మా," అన్నాడు కార్యదర్శి.

ఇలా లాభం లేదని ఆమె నేరుగా పందిరి కింద కూర్చున్న బెల్టు ఆడవాళ్ల దగ్గరకు నడిచింది. ముప్పై నలభై మంది ఉంటారు, అందరివీ నెరిసిన తలలే. పంక్చరక్క కూడా వచ్చింది. పలకరింపులు కానివ్వకుండా అడిగేసింది: నూనె తలల్లో బంగారం తీసుకుపోయారా, లేదా, నిజం చెప్పండి, వేదిక ఎక్కాలో వద్దో నేను తేల్చుకోవాలి. ఒకావిడ తీసుకెళ్లామంది. పక్కావిడ, మీరు తీసుకెళ్లారేమో, మేం అలాంటివాళ్లం కాదంది. అలాంటివాళ్లంటే ఎలాంటివాళ్లని మొదటావిడ. నీ ఇంటి గుమ్మానికి ఆ తలుపులెలా వచ్చాయని మూడో ఆవిడ. మా ఆయన లారీ నడిపితే వచ్చాయని రెండో ఆవిడ. తీసుకోనివాళ్లకు తీసుకున్నవాళ్ల మీద కోపం, తీసుకున్నవాళ్లకు తీసుకోలేదనేవాళ్ల మీద కోపం. నలుగురు లేచి నిలబడి చేతులు తిప్పుతున్నారు. వెనక ఉన్నవాళ్లు వినపడక, ఏమిటంట, మళ్లీ వెతుకుతారంటా అని అడుగుతున్నారు. కార్యదర్శి మైకులో దయచేసి కూర్చోండి, మంత్రిగారు బయల్దేరారు అంటున్నాడు. దువ్వెనమ్మను ఎవరూ పట్టించుకోవడం లేదు. తెచ్చిపెట్టింది ఆమె, పోట్లాట వాళ్లది.

వరుస చివర కూర్చున్న ఒక బక్కపలచటి మనిషి ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. "నన్ను గుర్తుపట్టలేదు కదూ? చింపిరిని."

గుర్తుపట్టింది. ఆ పేరు పెట్టింది దువ్వెనమ్మే. ఎన్ని చీవాట్లు పెట్టినా ఏనాడూ నూనె రాసుకోకుండా, ఎండిన పీచులాంటి తలతో వచ్చేది. దువ్వెన పాడవుతుందని రోజూ ఆమెను లైను చివరికి నెట్టేది. చివరికి నెట్టినప్పుడల్లా కంపెనీ బస్సు వెళ్లిపోయేది. చింపిరి నడిచిపోయేది.

దువ్వెనమ్మకు ఒక్కసారిగా అంతా స్పష్టమైనట్టనిపించింది. అంతమందిలో ఖాయంగా ఏమీ తీసుకుపోనిది ఈ ఒక్కతే. తను రోజూ శిక్షించిందీ ఈ ఒక్కదాన్నే. ఆ పలక నీకివ్వాలే, అంది. నువ్వొక్కదానివే నిజాయితీగా ఉన్నావు.

"ఏం నిజాయితీ? నాకు నూనె వాసన పడదు. తలనొప్పి," అంది చింపిరి.

"బంగారం కోసం కాదా?"

"ఏ బంగారం? నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తలనొప్పి ఓర్చుకునేదాన్ని."

దువ్వెనమ్మ ఆమె మొహంలోకి చూసింది. వెక్కిరింపు ఏమీ కనపడలేదు. ఇక తనకు తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదని, మిగిలినా అది ఈ పందిరి కింద తేలేది కాదని అర్థమైంది. ఇంటికి పోదామనుకుంది. ఆ మాటే చింపిరితో అంది. ఎక్కితే వీళ్లు నవ్వుతారు, నేను పోతాను.

"నవ్వితే నవ్వారు. నువ్వు ఎక్కకపోతే నీ బదులు సూపర్‌వైజరును ఎక్కిస్తారు. వాడు చూడు, ముందే వచ్చి కూర్చున్నాడు."

దువ్వెనమ్మ చూసింది. నిజమే, మొదటి వరుసలో, ఇస్త్రీ బట్టల్లో, ఒళ్లో చేతులు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమె లేచి, మోకాళ్లు పట్టుకుంటూ, పక్కనున్న మెట్ల మీదుగా వేదిక ఎక్కింది.

మంత్రిగారు రాలేదు. కార్యదర్శి పలకను రెండు చేతులా ఎత్తి పట్టుకుని వాక్యం చదివాడు: ఈమె కాపలాలో ఒక్క రేణువు కూడా గేటు దాటలేదు. ముందు ఏమీ కాలేదు. తర్వాత వెనక వరుసల్లో ఎక్కడో కిసుక్కుమని ఒక నవ్వు పుట్టి, పక్కకు పాకి, అడ్డొచ్చిన వాళ్లందరినీ అంటించుకుంటూ పందిరంతా లేచింది. ఆమె భయపడ్డ నవ్వే. అయితే మొహం ఎక్కడ పెట్టుకోవాలన్న సంగతే ఆమెకు గుర్తుకు రాలేదు, ఎందుకంటే ఆమె అప్పటికే వేదిక అంచుకు నడిచి, ఒక్కో మొహమే చూడడం మొదలుపెట్టింది. నవ్వేవాళ్లు తీసుకున్నవాళ్లై ఉండాలి. పంక్చరక్క నవ్వుతోంది, సరిపోయింది. మేం అలాంటివాళ్లం కాదన్నావిడ కడుపు పట్టుకుని నవ్వుతోంది. అంటే ఆమె కూడానా? తీసుకెళ్లామని గొప్పగా చెప్పినావిడ మాత్రం మూతి బిగించుకుని కూర్చుంది. అలాగైతే నవ్వనివాళ్లేనేమో. చింపిరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి వెనక ఏముందో కనపడలేదు. సూపర్‌వైజరు ఎందుకో తెలియకుండానే నవ్వుతున్నాడు. ఇంకొంచెం చూస్తే ఏదో ఒకటి తేలేలా ఉందనుకుంటూ ఆమె చూపు పందిరి గుంజ దాకా వెళ్లింది. అక్కడ ఆడపడుచు, బెల్టు మొహం ఎన్నడూ చూడని మనిషి, నిన్న మధ్యాహ్నం నుంచీ పెదవి విప్పని మనిషి, హెల్మెటు పొట్టకు హత్తుకుని, అందరికన్నా గట్టిగా, కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. దాంతో అప్పటిదాకా వేసిన లెక్కంతా పోయింది.

కార్యదర్శి పలకను ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. ఇత్తడి బరువైనది. తీసుకోండమ్మా అన్నాడు. తీసుకుంది.